‘సేకరణ’ అని రాస్తే సొంతమైపోతుందా?

ప్రశ్న: నేను తెలుగు టీచరుగా చేసి రిటైరయ్యాను. 2021లో మా అమ్మ కుట్టుమిషన్ మీద ఒక కథ రాసి ఫేస్‌బుక్‌లో పెట్టాను. తర్వాత ఒక వెబ్ పత్రిక వాళ్ళు అడిగి వేసుకున్నారు. మొన్న మా మేనకోడలు ఒక యూట్యూబ్ వీడియో పంపింది. చూస్తే ఎవరో అమ్మాయి నా కథ మొత్తం చదివేసింది. కథ పేరు మార్చారు, ముగింపు మార్చారు, నా పేరు ఎక్కడా లేదు. కింద ‘సేకరణ’ అని రాశారు. రెండు లక్షల మంది చూశారట. నేను కామెంట్ పెడితే తీసేశారు. మళ్ళీ పెడితే ‘నెట్‌లో దొరికింది, నెట్‌లో ఉన్నది అందరిదీ. మీరు కాపీరైట్ తీసుకున్నారా?’ అని జవాబిచ్చారు. మా అబ్బాయి పోలీస్ కేసు పెడదామంటున్నాడు. మావారేమో ‘పోనీలే, నలుగురూ విన్నారు కదా’ అంటున్నారు. నాకు రాత్రిళ్ళు నిద్ర పట్టడం లేదు. నేనేం చేయొచ్చు? డబ్బు అడగొచ్చా? అన్నట్టు, ఆ కథకు నేను పెట్టిన బొమ్మ గూగుల్‌లో తీసుకున్నదే. ఒక అమెరికన్ రచయిత్రి కథను తెలుగు చేసి మా రిటైర్డ్ టీచర్ల వాట్సాప్ గ్రూపులో కూడా పెట్టాను. అదీ తప్పేనా?
– ఒక పాఠకురాలు, తెనాలి

సమాధానం: అమ్మా, ముందు మీ నిద్ర సంగతి. ఆ కథ మీదే. ఫేస్‌బుక్‌లో పెట్టినా, వెబ్ పత్రికలో వచ్చినా, ఎవరో చదివి రెండు లక్షల మందికి వినిపించినా అది మీ చేతుల్లోంచి పోలేదు. ఇక నింపాదిగా మాట్లాడుకుందాం.

మీ ఉత్తరం చదువుతుంటే నా సంగతే ఒకటి గుర్తొచ్చింది. కొన్నేళ్ళ క్రితం అద్దె ఒప్పందాల గురించి నేనొక వ్యాసం రాశాను. ఏడాది తర్వాత మా బావమరిది అదే వ్యాసాన్ని నాకు వాట్సాప్‌లో పంపాడు. కింద ఎవరో ‘సీనియర్ అడ్వకేట్’ పేరుంది. పైన మా వాడి మాట: ‘చదువు బావా, నీకు పనికొస్తుంది.’ అందులో నేను చేసిన అచ్చుతప్పు కూడా అలాగే ఉంది. కాబట్టి మీ కడుపుమంట నాకు బాగానే తెలుసు.

ఆ ఛానెల్ వాళ్ళు అడిగిన ప్రశ్న చూడండి: ‘మీరు కాపీరైట్ తీసుకున్నారా?’ మన దగ్గర చాలామంది, రచయితలతో సహా, కాపీరైట్ అంటే రేషన్ కార్డులాగా దరఖాస్తు పెట్టి తెచ్చుకునేది అనుకుంటారు. అలా కాదు. మన కాపీరైట్ చట్టం 1957 నాటిది. దాని ప్రకారం మీరు సొంతంగా రాసిన కథ కాగితం మీదకో ఫోన్ తెర మీదకో ఎక్కిన క్షణంలోనే హక్కు పుడుతుంది. దరఖాస్తు అక్కర్లేదు, సి అక్షరం చుట్టూ సున్నా అక్కర్లేదు, ‘సర్వహక్కులు రచయితవి’ అన్న వాక్యం కూడా అక్కర్లేదు. రిజిస్ట్రేషన్ ఉంది, నిజమే. కథకు ఫీజు 500 రూపాయలు, ఢిల్లీలోని కాపీరైట్ ఆఫీసుకు ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేయొచ్చు. ఆ రిజిస్టర్‌లో ఉన్న వివరాలను కోర్టు ప్రాథమిక సాక్ష్యంగా తీసుకుంటుంది, అది దాని ఉపయోగం. కానీ అది లేనంత మాత్రాన హక్కు లేకుండా పోదు. పుట్టిన సర్టిఫికెట్ లేదని పిల్లాడు పుట్టలేదంటామా?

రిజిస్టర్డ్ పోస్టులో తన కథ తనకే పంపుకుని ఆ కవరు విప్పకుండా బీరువాలో దాచుకునే పెద్దాయన ఒకరు నాకు తెలుసు. ఆ కవరు వల్ల కొత్తగా వచ్చే హక్కేమీ లేదు, తేదీ చూపించడానికి ఏమైనా అక్కరకు రావచ్చు. ఆ పని ఈరోజుల్లో ఈమెయిల్ ఇంకా బాగా చేస్తుంది.

ఇక ‘నెట్‌లో ఉన్నది అందరిదీ’ అన్న మాట. నెట్‌లో ఉన్నది అందరూ చదువుకోవచ్చు, అంతవరకే. గ్రంథాలయంలో పుస్తకం అందరూ చదువుతారు, దాన్ని అచ్చేసి అమ్ముకుంటామంటే ఊరుకోరు కదా. సాహిత్య రచన మీద రచయితకుండే హక్కుల్లో ఏమేం ఉన్నాయో చట్టం విడివిడిగా చెప్పింది. కాపీ తీయడం, ఎలక్ట్రానిక్‌గా నిల్వ చేయడం, జనానికి చేరవేయడం, అనువదించడం, దాన్నుంచి సౌండ్ రికార్డింగో సినిమానో చేయడం, ఇవన్నీ మీరు ఒప్పుకుంటేనే ఇంకొకరు చేయాలి. మీ కథను చదివి రికార్డు చేసి యూట్యూబ్‌లో పెట్టినవాళ్ళు ఇందులో ఒకటి కాదు, మూడు నాలుగు పనులు మీ అనుమతి లేకుండా చేశారు. ఇంకో విశేషం చెప్తాను, చాలామంది ప్లీడర్లు కూడా దీన్ని వాదించడం మర్చిపోతారు. కథ మీద హక్కును ఉల్లంఘించి చేసిన సౌండ్ రికార్డింగ్ మీద ఆ రికార్డు చేసినవాళ్ళకు కాపీరైటే పుట్టదని 13వ సెక్షన్ చెబుతోంది. ‘గొంతు మాది, ఎడిటింగ్ మాది, కష్టం మాది’ అని రేపు వాళ్ళు అంటే ఈ మాట చెప్పండి.

‘సేకరణ’ అన్న మాట మీద నాకు పాత కోపం ఉంది. ఒకప్పుడు జానపద పాటలూ సామెతలూ ఊరూరా తిరిగి కూర్చినవాళ్ళు తమ పేరు పక్కన వినయంగా రాసుకున్న మాట అది. ఈరోజు వాట్సాప్ పుణ్యమా అని, బతికున్న మనిషి పేరు చెరిపేసి ఆ ఖాళీలో పెట్టే మాట అయింది. చట్టంలో దానికి ఏ విలువా లేదు. ఆ మాటకొస్తే మీ పేరు వేసి వాడుకున్నా అనుమతి ఉన్నట్టు కాదు. ‘క్రెడిట్ ఇచ్చాం కదండీ’ అనేవాళ్ళు చాలామంది ఉంటారు. పేరు వేయడం ఒక బాధ్యత, అనుమతి తీసుకోవడం ఇంకొకటి. ఒకటి చేసి రెండోది ఎగ్గొడతామంటే కుదరదు.

వాళ్ళు మీ పేరు తీసేశారు, ముగింపు మార్చారు అన్నారు. ఇది విడిగా చూడాల్సిన విషయం. 57వ సెక్షన్ కింద రచయితకు రెండు ప్రత్యేక హక్కులున్నాయి. ఒకటి, ఇది నా రచన అని చెప్పుకునే హక్కు. రెండు, తన పరువుకు భంగం కలిగేలా రచనను వికృతం చేస్తే అడ్డుకునే హక్కు. హక్కులన్నీ అమ్మేసుకున్నా ఈ రెండూ రచయిత దగ్గరే ఉంటాయి. ఢిల్లీ విజ్ఞాన్ భవన్‌లో శిల్పి అమర్‌నాథ్ సెహగల్ చేసిన పెద్ద కుడ్యశిల్పాన్ని ప్రభుత్వం పీకేసి స్టోరులో పడేస్తే, ఆయన కోర్టుకెళ్ళాడు. డబ్బిచ్చి చేయించుకున్నది ప్రభుత్వమే అయినా, 2005లో ఢిల్లీ హైకోర్టు ఆయన పక్షాన తీర్పిచ్చింది. మీరు పంపిన లింకులో వీడియో బొమ్మ మీద ‘కోడలు చేసిన పనికి అత్త ఏం చేసిందో చూడండి’ అని ఎర్రక్షరాలతో ఉంది. మీ కథలో అత్తా లేదు, కోడలూ లేదు. తల్లి మిషన్ అమ్మనని పట్టుబట్టే కథ చివర్లో ఆవిడ చేత మిషన్ అమ్మించేశారు. దీన్ని ఫిర్యాదులో ఒక్క వాక్యంతో సరిపెట్టకుండా విడిగా రాయండి. పేరు తెలిసీ కావాలని చెరిపేయడాన్ని 2012 సవరణ విడిగా నేరం చేసింది కూడా.

ఫేస్‌బుక్ విషయం. ఖాతా తెరిచినప్పుడు ‘అంగీకరిస్తున్నాను’ అని నొక్కాం కదా, అన్నీ వాళ్ళకు రాసిచ్చేశామేమో అన్న భయం మీకొక్కరికే కాదు. ఆ షరతుల్లో ఉన్నది ఇది: రచన మీదే, ఫేస్‌బుక్‌కు దాన్ని తన వేదిక మీద చూపించడానికి, నిల్వ చేయడానికి, పంచడానికి ఒక లైసెన్సు ఇస్తున్నారు. ఎవరైనా షేర్ బటన్ నొక్కితే మీ పేరుతో సహా మీ పోస్టే వెళుతుంది, దాన్ని తప్పుపట్టలేం. కాపీ చేసి తన గోడ మీద అతికించుకోవడం, తన ఛానెల్లో చదవడం ఆ లైసెన్సులోకి రావు. ఫేస్‌బుక్‌కు మీరిచ్చిన అనుమతి ఫేస్‌బుక్‌కే.

వెబ్ పత్రిక సంగతి మాత్రం ఒకసారి చూసుకోవాలి. కథ పంపేటప్పుడు ‘ఇది నా సొంత రచన, దేనికీ అనువాదం గానీ అనుకరణ గానీ కాదు, వేరే పత్రిక పరిశీలనలో లేదు’ అని హామీపత్రం రాసి ఉంటారు కదా, చాలా తెలుగు పత్రికల్లో ఉన్న ఆనవాయితీ. దాని వల్ల మీ హక్కు వాళ్ళకు పోదు. హక్కు బదిలీ కావాలంటే రాతపూర్వకంగా, మీ సంతకంతో, ఏ హక్కులో, ఎంతకాలానికో, ఏ ప్రాంతానికో రాసుకోవాలి. కాలం రాయకపోతే ఐదేళ్ళు, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే అని చట్టమే లెక్క కట్టింది. మీరు అలాంటిదేమీ సంతకం చేయకపోతే వాళ్ళకిచ్చింది వేసుకునే అనుమతి మాత్రమే. పైగా ఆ పత్రిక ఇప్పుడు మీకు మంచి సాక్షి. ప్రచురించిన తేదీ, మీ పేరు, మీ ముగింపు అన్నీ అక్కడ ఉన్నాయి. ఆ సంపాదకులకు ఒక ఈమెయిల్ రాసి, ఫలానా తేదీన ఫలానా కథ మీ పేరుతో వేశామని జవాబు తెప్పించుకోండి. చిన్న పత్రికల సైట్లు డబ్బు కట్టకపోతే రాత్రికి రాత్రి మాయమైపోతుంటాయి, ఆలస్యం చేయకండి.

(కథల పోటీలకు పంపేవాళ్ళు కూడా ఇది చదువుతుంటే ఒక మాట. ‘పోటీకి వచ్చిన అన్ని కథలపై సర్వహక్కులూ మావే’ అన్న షరతు కనిపిస్తే, బహుమతి ఎంతైనా సరే, రెండుసార్లు ఆలోచించండి. గెలవని కథ మీద కూడా హక్కు అడగడం నాకెప్పుడూ న్యాయంగా తోచలేదు.)

ఇక మీరు చేయాల్సిన పని. ఇందులో వరస ముఖ్యం. మీరు చేసిన పొరపాటు ఒక్కటే, ముందు కామెంట్ పెట్టారు. దాంతో వాళ్ళు జాగ్రత్తపడ్డారు. ఇకమీదట అక్కడ ఒక్క అక్షరం కూడా రాయొద్దు.

ముందు సాక్ష్యం. వీడియో లింకు, ఛానెల్ లింకు, పెట్టిన తేదీ, చూసినవాళ్ళ సంఖ్య, వివరణలో ఉన్న ‘సేకరణ’, వాళ్ళు మీకిచ్చిన జవాబు, అన్నీ తేదీ కనిపించేలా స్క్రీన్‌షాట్లు తీయండి. మీ అబ్బాయితో వీడియో మొత్తం స్క్రీన్ రికార్డింగ్ చేయించండి. వాళ్ళు రేపు తీసేసి ‘మేం పెట్టనే లేదు’ అంటే చూపడానికి అదొక్కటే ఉంటుంది. మీ వైపున 2021 నాటి ఫేస్‌బుక్ పోస్టు ఉంచండి. అందులో కథను సవరించొద్దు, కోపంలో పోస్టు తీసేయొద్దు. చేత్తో రాసిన చిత్తుప్రతి ఉందా? కొట్టివేతలతో ఉన్న చిత్తుప్రతికి మించిన సాక్ష్యం లేదు. దొంగ దగ్గర ఫెయిర్ కాపీ ఉంటుంది గానీ కొట్టివేతలుండవు. ఆ తర్వాత మీ కథనూ వాళ్ళు చదివినదాన్నీ రెండు కాలమ్‌లుగా పక్కపక్కన రాయండి. టీచరు కదా, దిద్దడం మీకు కొత్త కాదు. ఎక్కడెక్కడ మీ వాక్యాలు యథాతథంగా ఉన్నాయో గీత గీయండి. ఇది ఎందుకంటే, వాళ్ళు చివరికి ‘ఐడియా మాత్రమే తీసుకున్నాం, మా మాటల్లో చెప్పాం’ అంటారు. ఐడియా మీద కాపీరైట్ లేదన్నది నిజమే. 1978లో ఆర్.జి. ఆనంద్ కేసులో సుప్రీంకోర్టు ఆ మాట తేల్చి చెప్పింది. కుట్టుమిషన్ మీద ఎవరైనా కథ రాసుకోవచ్చు, అమ్మ మీద అసలే రాసుకోవచ్చు. మీ వాక్యాలు, మీ సన్నివేశాలు, అవి నడిచిన తీరు మాత్రం మీవి. ఆ రెండు కాలమ్‌లు చూసినవాళ్ళకు ఇక వాదన అక్కర్లేదు.

కేసు కోర్టుదాకా వెళితే వట్టి స్క్రీన్‌షాట్ చాలదు. ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి భారతీయ సాక్ష్య అధినియం అనే చట్టం ప్రకారం ఒక సర్టిఫికెట్ జతచేయాలి. అది మీ ప్లీడరు చూసుకుంటారు. స్క్రీన్‌షాట్లు తీసిన ఫోన్ మాత్రం అమ్మేయకండి, రీసెట్ చేయకండి.

రెండోది, ఏం కావాలో మీరే ముందు తేల్చుకోవాలి. వీడియో పోవడమా? లేక మీ పేరుతో, మీ ముగింపుతో, కొంత పారితోషికంతో ఉండటమా? మీవారి మాటలో కూడా కొంత నిజం లేకపోలేదు, రెండు లక్షల మంది విన్నారు. కానీ వాళ్ళు విన్నది మీ కథ అని ఒక్కరికీ తెలియదు, విన్న ముగింపు కూడా మీది కాదు. అందుకని నా సలహా, ఉన్న వీడియో తీయించేయడమే. మళ్ళీ చదువుకుంటామంటే కొత్తగా, ఒప్పందం రాసుకుని చదవనివ్వండి.

డబ్బు అడగొచ్చా అంటే, నిక్షేపంగా అడగొచ్చు. జరిగిన నష్టానికి పరిహారం, వాళ్ళు సంపాదించిన లాభానికి లెక్క, రెండింటి గురించీ చట్టంలో ఉంది. కాకపోతే, ‘ఇది ఒకరి హక్కు అని మాకు తెలియదు, తెలిసే అవకాశం కూడా లేదు’ అని అవతలివాళ్ళు రుజువు చేసుకుంటే నష్టానికి పరిహారం రాదు, వాళ్ళ లాభంలో కొంతో మొత్తమో మాత్రమే రావచ్చు. అందుకే రాతపూర్వక నోటీసు కావాలి. నోటీసు అందాక కూడా వీడియో ఉంచితే ‘తెలియదు’ అనే దారి మూసుకుపోతుంది. అయితే ఒక కథ చదివిన వీడియో మీద వచ్చే డబ్బు కోసం కోర్టు ఖర్చులు పెట్టుకోవడం లెక్కకు తేలదు. అడగండి, ఇస్తే తీసుకోండి, దాని మీద ఇల్లు కట్టుకునే ఆశ పెట్టుకోకండి.

మూడోది యూట్యూబ్ ఫారం. వీడియో కింద ఉండే ‘రిపోర్ట్’ బటన్ నొక్కి ఊరుకుంటే లాభం లేదు. కాపీరైట్ ఫిర్యాదుకు ప్రత్యేకంగా ఒక వెబ్ ఫారం ఉంది, అది నింపాలి. ఉచితం, ప్లీడరు అక్కర్లేదు. హక్కుదారు మీరే కాబట్టి మీ పేరుతోనే నింపండి. మీ అబ్బాయి నింపితే మీ తరఫున అధికారం ఉన్న ప్రతినిధిగా నింపాలి. మీ పేరు, ఈమెయిల్ అవతలివాళ్ళకు చేరవచ్చు, అందుకని ఈ పనికే ఒక కొత్త ఈమెయిల్ తెరుచుకోవడం మంచిది. వెంటనే తీసేయమని అడగొచ్చు, లేదా ఏడు రోజుల గడువిచ్చి వాళ్ళంతట వాళ్ళే తీసేసుకునే అవకాశం ఇవ్వొచ్చు. వెంటనే తీయిస్తే ఆ ఛానెల్‌కు ఒక స్ట్రైక్, అంటే తప్పు చేశారన్న హెచ్చరిక, పడుతుంది. 90 రోజుల్లో మూడు స్ట్రైకులు పడితే ఛానెలే మూతపడొచ్చు. అందువల్ల అప్పటిదాకా మీ కామెంట్లు తీసేసినవాళ్ళే అప్పుడు ఫోన్ చేస్తారు. ‘అక్కా, చిన్న ఛానెల్ అక్కా, మా పొట్ట కొట్టకండి, స్ట్రైక్ వెనక్కి తీసుకోండి’ అంటారు. మీ మనసు మెత్తన, నాకు ఉత్తరంలోనే తెలుస్తోంది. వెనక్కి తీసుకోవడానికి వీలుంది, మీ ఇష్టం. కానీ ముందు వీడియో పోవాలి, క్షమాపణ రాతలో రావాలి, డబ్బు మాట్లాడుకుని ఉంటే అది ఖాతాలో పడాలి. ఆ తర్వాతే మీ మెత్తదనం.

వాళ్ళు మొండికేసి, ఇది మా సొంతం అని ఎదురు నోటీసు ఇవ్వొచ్చు కూడా. అప్పుడు యూట్యూబ్ మీకు 10 పనిదినాలు గడువిస్తుంది. ఆలోగా కోర్టుకు వెళ్ళినట్టు చూపకపోతే వీడియో తిరిగి పెట్టేస్తారు. ఈ పద్ధతికి మూలం 1998 నాటి అమెరికా చట్టం. మన చట్టంలో కూడా దీనికి దగ్గర ఏర్పాటు ఒకటుంది: హక్కుదారు రాతపూర్వకంగా ఫిర్యాదు చేస్తే, ఆ కాపీని నిల్వ చేసిన వేదిక 36 గంటల్లో దాన్ని అందకుండా చేయాలి, 21 రోజుల్లోగా కోర్టు ఉత్తర్వు తేకపోతే తిరిగి తెరవొచ్చు. ఎలా చూసినా గట్టిగా ఎదురు తిరిగితే కోర్టు గడప తొక్కాల్సిందే. మీకున్న వెసులుబాటు ఏమిటంటే, ఆ ఛానెల్ హైదరాబాద్‌లో ఉన్నా బెంగళూరులో ఉన్నా మీరు అక్కడికి పరిగెత్తక్కర్లేదు. కాపీరైట్ దావా హక్కుదారు నివసించే చోటున్న జిల్లా కోర్టులోనే వేయొచ్చు. దావాకు కాలపరిమితి మూడేళ్ళు.

పోలీస్ కేసు గురించి మీ అబ్బాయికి చెప్పండి: సెక్షన్ ఉంది, ఆరు నెలల నుంచి మూడేళ్ళ దాకా జైలు, 50 వేల నుంచి రెండు లక్షల దాకా జరిమానా. ఇది కాగ్నిజబుల్, నాన్ బెయిలబుల్ నేరమని, అంటే కోర్టు అనుమతి లేకుండానే పోలీసులు కేసు పెట్టొచ్చని, బెయిలు హక్కుగా రాదని, 2022లో సుప్రీంకోర్టు చెప్పింది కూడా. అయినా ఆ వీడియోలో చదివిన అమ్మాయి నెలజీతానికో, వీడియోకి ఇంత అనో చదివే పిల్ల అయ్యుంటుంది, కథ ఎక్కడిదో ఆమెకు తెలిసే ఉండకపోవచ్చు. ముందు ఆమే చిక్కుకుంటుంది. పోలీస్ స్టేషన్ ఆఖరి మెట్టుగా ఉంచుకోండి.

వాట్సాప్‌లో తిరుగుతున్న కాపీల జోలికి పోవద్దు. అది వరదకు చేయి అడ్డం పెట్టడమే. ఇకమీదట కథ చివరే కాకుండా మొదటి పేరా కిందా, మధ్యలో ఎక్కడో ఒకచోటా మీ పేరు, తేదీ వేయండి. ఫార్వర్డ్ చేసేవాళ్ళు ఆఖరి లైను చెరపడానికి అలవాటు పడ్డారు, మధ్యలో చదివే ఓపిక వాళ్ళకుండదు.

ఇక మీరు ‘అన్నట్టు’ అని ఉత్తరం చివర రాసిన రెండు సంగతులు. వాటిని మీరు మాటవరసకు రాశారు, నేను మాత్రం అక్కడే ఆగాను.

గూగుల్ ఫోటోల దుకాణం కాదమ్మా, ఏ ఫోటో ఎక్కడుందో చూపించే బోర్డు. మీరు తీసుకున్న ఆ మిషన్ బొమ్మ ఎవరో ఒక ఫోటోగ్రాఫర్ తీసినది. ఆ మనిషి దృష్టిలో మీరు, మీ దృష్టిలో ఆ ఛానెల్, ఇద్దరూ ఒకటే. వాడుకోవచ్చని ముందే చెప్పి పెట్టిన ఫోటోలుంటాయి, అలా ఇచ్చే అనుమతుల్లో బాగా వాడుకలో ఉన్నదాన్ని క్రియేటివ్ కామన్స్ లైసెన్సు అంటారు. వికీమీడియా కామన్స్‌లో అలాంటివి బోలెడు దొరుకుతాయి. తెలుగు వికీపీడియా వ్యాసాలు కూడా ఆ రకం లైసెన్సులోవే. ఉచితం అన్నారు కదా అని షరతు లేకుండా పోదు. చాలావాటికి తీసినవాళ్ళ పేరూ లైసెన్సూ రాయాలి.

అనువాదం సంగతి ఇంకాస్త గట్టిది. అనువదించే హక్కు కూడా మూల రచయితదే. ఆవిడ అమెరికాలో ఉంటే మనకేమిటి అనుకోవడానికి లేదు, రెండు దేశాలూ బెర్న్ ఒప్పందంలో ఉన్నాయి, ఆవిడ కథకు ఇక్కడ మన రచయిత కథకున్నంత రక్షణ ఉంటుంది. మీ ఆనందానికి అనువదించి నోటుపుస్తకంలో రాసుకుంటే ఎవరూ అడగరు. సొంత ఉపయోగానికి చట్టమే మినహాయింపు ఇచ్చింది. అంతమందున్న గ్రూపులో పెడితే అది సొంత ఉపయోగం అనిపించుకోదు. గ్రూపులోంచి తీసేయమని అడ్మిన్‌కు చెప్పండి. ఆ రచయిత్రికి వెబ్‌సైట్ ఉంటే రెండు పేరాల ఈమెయిల్ రాయండి: నేను ఫలానా, మీ కథ తెలుగులోకి చేశాను, ఫలానా పత్రికకు పంపాలనుకుంటున్నాను, డబ్బు రాదు, మీ పేరు పైన వేస్తాం, అనుమతిస్తారా? నేను చూసినంతలో చిన్న కథలకు చాలామంది సంతోషంగా ఒప్పుకుంటారు. హక్కు ప్రచురణకర్త దగ్గరుంటే అటు పంపిస్తారు.

అడగక్కర్లేని రచనలు కూడా ఉన్నాయి. మన దేశంలో రచయిత జీవితకాలం, ఆ తర్వాత 60 ఏళ్ళు కాపీరైట్ ఉంటుంది, లెక్క చనిపోయిన మరుసటి జనవరి నుంచి. ఒకప్పుడు ఇది 50 ఏళ్ళే. 1941లో పోయిన టాగూరు రచనల గడువు 1991 చివర ముగియబోతుంటే మరో పదేళ్ళు పెంచారు. గురజాడ 1915లో పోయారు, ఆయన రచనలు ఎవరైనా చదవొచ్చు, వేసుకోవచ్చు. చలం 1979లో పోయారు, ఆయనవి 2039 చివరి దాకా ఆగాలి. మూలం పాతదైనా, దానికి నిన్నమొన్న ఒకరు చేసిన అనువాదం ఆ అనువాదకుడిదే, అది మళ్ళీ వేరే లెక్క.

ఛానెల్‌కు పంపాల్సిన నోటీసు నమూనా ఇదిగో. ఇంతకు మించి అక్కర్లేదు:

‘ఫలానా తేదీన మీ ఛానెల్లో పెట్టిన ఫలానా వీడియోలో చదివిన కథ నా రచన. దీన్ని 2021లో ఫలానా తేదీన నా ఫేస్‌బుక్‌లోనూ, తర్వాత ఫలానా వెబ్ పత్రికలోనూ నా పేరుతో ప్రచురించాను. లింకులు జతచేశాను. దీన్ని చదవడానికి, రికార్డు చేయడానికి, మార్చడానికి నేనెవరికీ అనుమతి ఇవ్వలేదు. ఈ నోటీసు అందిన ఏడు రోజుల్లో వీడియో తొలగించి, దాని మీద వచ్చిన ఆదాయం వివరాలు నాకు రాతపూర్వకంగా తెలపండి. లేకపోతే చట్టప్రకారం చర్య తీసుకుంటాను.’

ఛానెల్ వివరాల్లో ఉన్న ఈమెయిల్‌కు పంపండి. తిట్లు వద్దు, ‘దొంగ’ అన్న మాట వద్దు, జైల్లో పెట్టిస్తానన్న బెదిరింపు వద్దు. వాళ్ళు ఫోన్ చేస్తే ‘ఈమెయిల్ చేయండి’ అని పెట్టేయండి.

అయితే ఇవన్నీ రేపు. ఈ సాయంత్రం చేయాల్సిన పని ఒకటుంది. మీ అమ్మగారి మిషన్ ఇప్పటికీ వెనక గదిలో ఉందని, బెల్టు తెగిపోయినా అమ్మబుద్ధి కాలేదని కథ కింద కామెంట్లలో ఎవరికో చెప్పారు. దాన్ని తుడిచి, కిటికీ దగ్గర వెలుగులో పెట్టి, ఫోన్‌తో ఒక ఫోటో తీయండి. మీ పోస్టు ఇప్పుడెలా ఉందో ముందు స్క్రీన్‌షాట్ తీసుకుని, కథలో ఒక్క అక్షరం కూడా కదపకుండా, గూగుల్ బొమ్మ తీసేసి ఆ ఫోటో పెట్టండి. యూట్యూబ్ ఫారం ఆ తర్వాత తెరవండి.